కుంకుమ డబ్బాలో సినిమా

టెక్కలిలో నేనెక్కిన బస్సు నౌపడ వైపు తిరిగిన కొద్దిసేపటికి, పక్క సీటులోని మనిషి జేబులోంచి ఫోన్ తీసి, ముందు సీటు కమ్మీకి ఆనించి, అంతకు ముందెక్కడో ఆపేసిన సినిమాను మళ్ళీ మొదలుపెట్టాడు. ఆ సినిమా విడుదలై పది రోజులైంది. నేను మొదట పట్టించుకోలేదు. కిటికీలోంచి ఉప్పుమడులు చూస్తూ, ఆనాటి పని గురించి ఆలోచిస్తున్నాను. మాటల వెనుక వినబడుతున్న ఫ్యాన్ హోరు నన్ను ఫోన్ వైపు తిప్పింది. ఆ హోరులో ఉండి ఉండి ఒక టిక్కు పడుతోంది.

తెర మీది బొమ్మ కుడివైపుకు రెండు డిగ్రీలు వాలి ఉంది. ఎడమవైపు కింది మూలలో ఒక ఆకుపచ్చని చుక్క. దృశ్యాలు మారుతున్నా, మనుషులు పరుగెత్తుతున్నా అది మాత్రం కదలడం లేదు.

ఆ చుక్క ఏమిటో నాకు తెలుసు. అది స్టెబిలైజరు మీది దీపం, ప్రొజెక్టరు గది కిటికీ అద్దంలో పడిన ప్రతిబింబం. ఆ టిక్కు బేరింగు అరిగిన ఎగ్జాస్టు ఫ్యానుది. మార్చాలని నేనే రెండుసార్లు రిపోర్టులో రాశాను. ఇక ఆ వాలు, ఒక సర్వీసు ఫారాన్ని నాలుగు మడతలు పెట్టి, చిత్రీకరిస్తున్న ఫోన్ కింద ఒక మూలన దోపినందువల్ల వచ్చినది. ఆ ఫారం నాది. ఆ ఫోనూ నాదే.

అయినా నాకు అలవాటైన పద్ధతి ప్రకారం ఇంకొక్క పరీక్ష మిగిలి ఉంది. ఆ రికార్డింగులో ఒక గంట నలభైనాలుగు నిమిషాల రెండు సెకండ్ల దగ్గర బొమ్మ రెప్పపాటు కాలం పూర్తిగా నల్లబడాలి. అతని ఫోన్ మీద అప్పుడు గంటా ఇరవై నాలుగు నిమిషాలు చూపుతోంది. నా స్టాపు వచ్చింది. దిగలేదు. కండక్టరు పిలిచి చెప్పినా, ముందుకు వెళ్ళాలని చెప్పి మళ్ళీ టిక్కెట్టు తీసుకున్నాను.

నేను వంగి చూడడం అతను గమనించాడు.

"ఏటమ్మా, అలా సూస్తన్నావు? సినిమా కావాలేటి? ఫోన్ తియ్యి, ఐదు నిమిషాల్లో ఎక్కించెస్తాను."

"మీకెవరిచ్చారండీ?"

"మా బామ్మర్ది. ఆడికి ఆడి గ్రూపులో వచ్చినాది. నానిప్పటికి ఓ పదిమందికి ఇచ్చుంటాను." చెరువు గండికి చెయ్యడ్డం పెట్టి ఊరిని కాపాడినవాడిలా, ఆ మాట చెప్పేటప్పుడు అతని ముఖంలో నిండైన తృప్తి కనిపించింది.

"థియేటర్లో చూడవచ్చు కదా?"

"ఏ థియేటర్లో? మా ఊరి థియేటర్లో ఇప్పుడు పెళ్ళిళ్ళు సేస్తన్నారు. ఇంకోటి సూడాలంటే బస్సెక్కి ఎల్లాల. ఆట ఇడిసేసరికి తిరుగు బస్సుండదు. సదువుకున్నదాన్లా ఉన్నావు, నువ్వే సెప్పు, నడిసి రమ్మంటావేటి?"

అంతలో బొమ్మ పోయింది, వచ్చింది. అతను నవ్వాడు. "ఇక్కడొకపాలి ఇలా పోతాది. దొంగ కాపీ కదా, మరేటి!"

నేను అంకెలు చూశాను. నేను రాసిపెట్టుకున్న సమయానికి కచ్చితంగా యాభై సెకండ్లు ముందుగా వచ్చింది. అంటే, ఎవరో మొదటి యాభై సెకండ్లు కోసేశారు. ఆ యాభై సెకండ్లలో ఏముందో నాకు ఆ క్షణంలో గుర్తు రాలేదు. భయం జ్ఞాపకాన్ని కూడా కోసేస్తుందని ఆ రోజే తెలిసింది. నౌపడ స్టేషను దగ్గర బస్సు ఆగగానే దిగిపోయాను.

నేను డిజిటల్ సినిమా ప్రొజెక్టర్లు బాగుచేసే టెక్నీషియన్ని. సముద్రం మీద బతికే కుటుంబంలో పుట్టి, పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివి, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల చిన్న ఊళ్ళ థియేటర్లన్నీ తిరిగే ఉద్యోగంలో చేరాను. ఆ థియేటర్లలో ఒకదాని నుంచి ఫిర్యాదు వచ్చింది: రెండో సగంలో ఒకసారి బొమ్మ పోతోంది, జనం ఈలలు వేస్తున్నారు. యంత్రంలో నమోదయ్యే లోపాల జాబితా చూస్తే అంతా శుభ్రంగా ఉంది. గంటన్నర దాటి లోపలి భాగాలు వేడెక్కిన తరువాత, ఏదో ఒక కేబులు రెప్పపాటు సేపు పట్టు తప్పుతూ ఉండాలి. ఎప్పుడు తప్పుతోందో సెకండుతో సహా తెలిస్తేనే ఏ కేబులో చెప్పగలను. అందుకు ఒకటే దారి: ఒక ఆట మొత్తాన్ని రికార్డు చేసి, తరువాత నింపాదిగా చూడడం.

ప్రొజెక్టరు గదిలోంచి తెరను చిత్రీకరించాలంటే రాతపూర్వకమైన అనుమతి కావాలి. అది రావడానికి రెండు రోజులు పడుతుంది. కొత్త సినిమా మర్నాడే విడుదల. నేను అనుమతి అడగలేదు. విడుదల రోజు మొదటి ఆటకు వెళ్ళి, ఆపరేటరు చూసుకునే కిటికీ దగ్గర ఫోన్ నిలబెట్టాను. అనుమతి లేని పని కనుక ఆ రోజు నా రాకను గది రిజిస్టరులో రాయలేదు. మర్నాడు వచ్చి కేబులు మార్చినట్టు మాత్రమే రాశాను.

ఇందులో నేరం నాకు కనిపించలేదా అంటే, కనిపించింది. లోపం దొరికిన వెంటనే ఆ రికార్డింగును తుడిచివేస్తానని నాకు నేను మాట ఇచ్చుకున్నాను. తుడవలేదు. ఆ మెమొరీ కార్డును పనిముట్ల సంచీ పక్క జేబులో వేసి, సాలూరులో మరో పని మీదికి వెళ్ళిపోయాను.

థియేటరులో ఆడే ప్రతి సినిమాలోనూ, బొమ్మలోనూ శబ్దంలోనూ, కంటికీ చెవికీ దొరకని ఒక గుర్తు కలిసి ఉంటుంది. సినిమా ఏ యంత్రం మీద ఆడుతోందో, ఏ రోజు ఏ పావుగంటలో ఆడుతోందో ఆ గుర్తు చెబుతుంది. ఫోన్‌లో తీసినా, వాలుగా తీసినా, మసకగా తీసినా అది చెరగదు. దాన్ని చదివే పరికరాలున్నవారి చేతికి ఈ కాపీ చేరిన రోజున, వాళ్ళు ఆ థియేటరు పేరు చెబుతారు, తేదీ చెబుతారు, మొదటి ఆట అని చెబుతారు. ఏమీ తెలియనివాడికి కొంత ధైర్యమైనా ఉంటుంది. నాకు మాత్రం రాబోయే ప్రతి అడుగూ ముందే తెలుసు.

నౌపడ నుంచి ఆటో మాట్లాడుకుని సరాసరి అక్క ఇంటికి వెళ్ళాను. మా ఊరి మగవాళ్ళలో చాలామంది ఏటా ఆగస్టులో గుజరాత్ తీరానికి, వేరావల్ బోట్ల మీద పనికి వెళతారు. ఒకసారి బోటెక్కితే మూడు వారాల దాకా ఒడ్డు కనిపించదు, ఫోన్ పలకదు. అందుకని వెళ్ళేవాళ్ళకు ఎండుచేపలతో, చింతపండుతో పాటు మెమొరీ కార్డులు కట్టి ఇవ్వడం మా వీధిలో ఆడవాళ్ళ పని. బస్టాండు దగ్గరి ఫోన్ల దుకాణంలో సినిమాలు ఎక్కించుకుంటారు. మిగిలిన చోటులో పిల్లల ఆటలు, అమ్మవారి సంబరం, ముసలివాళ్ళ మాటలు నింపుతారు. ఉప్పుగాలికి పాడవకుండా వాటిని ఒక ప్లాస్టిక్ కుంకుమ డబ్బాలో గుప్పెడు బియ్యం పోసి అందులో దాస్తారు. మా అక్క డబ్బాలో బియ్యానికి బదులు తేమ పీల్చే గుళికల పొట్లాలుంటాయి. యంత్రాల విడిభాగాలతో వచ్చే ఆ పొట్లాలను నేనే తెచ్చి ఇస్తాను. ఖాళీ కార్డులు కొనేది కూడా నేనే. వాటిని ఎప్పుడూ పనిముట్ల సంచీ పక్క జేబులో పెడతాను.

అక్క పెరట్లో చేపలు కడుగుతోంది.

"అక్కా, బావకి కార్డులు ఎక్కడివి ఇచ్చినావు?"

"నీ సంచీలోవే. ఇంకెక్కడివి?"

"ఎన్నున్నాయి?"

"మూడు."

నేను కొన్నవి రెండు.

"ఖాళీవో కాదో సూసుకోనేదేటే?"

"సూసినాను. ఒకదాన్లో కొత్త సినిమా ఉన్నాది. మా సెల్లికి ఎంత మనసే, బావకోసం థియేటర్లోంచే తెచ్చి పెట్టినాది, నోరు తెరిసి సెప్పనేదంతే అనుకున్నాను. బావకి సెప్తే ఎంత మురిసిపోనాడనుకున్నావు! మిగిలిన సోట్లో పాప మాట ఎక్కించినాను."

పాప అక్క కూతురు. బావ బయలుదేరే ముందురోజు, ఆయన తాళ్ళు సర్దుకోవడానికి రేవుకు వెళ్ళినప్పుడు, మొదటిసారి "నాన్న" అంది. అక్క మళ్ళీ అనిపించి రికార్డు చేసింది. రైల్లో వింటాడులే అని బావకు చెప్పలేదు.

నేను అక్కకు విషయం చెప్పాను. ఆమెకు కోపం వచ్చింది.

"దొంగతనమేటే? ఉప్పుమడిలో బస్తా ఎత్తుకుపోతే కుప్ప తగ్గుతాది. ఇది ఎవులికి తగ్గిపోనాది? సినిమా ఆడికాడ అలాగే ఉన్నాది కదా."

ఉద్యోగంలో చేరిన కొత్తలో మాకు ఒక రోజు శిక్షణ ఇచ్చారు. సినిమాలను దొంగిలించేవాళ్ళు ఎలా ఉంటారో, ఎందుకు చేస్తారో అందులో చెప్పారు: డబ్బు కోసం, కసితో, సరదాకి. అన్నీ శ్రద్ధగా రాసుకున్నాను. చెల్లెలు తెచ్చిందనుకుని మురిసిపోయిన అక్క అందులో ఎక్కడా లేదు. ఆమెకు జవాబు చెప్పడానికి నా నోట్‌బుక్ పనికిరాలేదు. అందుకే ఒక్క మాటే అన్నాను.

"అక్కా, ఇది దొరికితే నన్ను పట్టుకుపోతారే."

అక్క చేతిలోని చేప బేసినులో పడింది. కొంగుతో చేతులు తుడుచుకుని, లోపలికి వెళ్ళి ఫోన్ తెచ్చింది. బావ బోటు ఆ సాయంత్రమే కదలవలసి ఉంది.

"ఏటి మరదలా! బావ ఇన్నాళ్ళకి గుర్తొచ్చినాడేటి?" ఆయన వెనుక రేవు సందడి, ఐసు కొడుతున్న చప్పుడు.

"బావా, ఆ సినిమా ఎవులికిచ్చినావు?"

"ఎవులని సెప్పను? బోగీ అంతా మనోళ్ళే. రెండు రోజుల రైలు. ఒక్కడు సూస్తంటే పదిమంది మీద పడతారు. అడిగినోడికల్లా ఇచ్చినాను."

"అందరికీ ఎందుకిచ్చినావు బావా?"

"ఓలమ్మో, అడిగినోడికి నేదంటామేటే? సముద్రం మీద పక్క బోటోడు మంచినీళ్ళడిగితే ఇస్తాం, డీజిలడిగితే ఇస్తాం. రేపు మన ఇంజినాగిపోతే ఆడే కదా తాడేసి లాగాల. ఒకపాలి నేదన్నోడి బోటు వైపు మరెవుడూ తిరిగి సూడడు. ఆ అలవాటు రైలెక్కగానే పోతాదేటి?"

"అది మంచినీళ్ళు కాదు బావా. అందులో ఎవులో ఒకడు దాన్ని ఊరంతటికీ పంపేసినాడు. పోలీసులొస్తారు. ఆ కార్డు ఇరిసెయ్యి. ఇప్పుడే."

బావ రేవు సందడికి దూరంగా జరిగినట్టున్నాడు, ఐసు చప్పుడు తగ్గింది.

"అందులో పాప మాటున్నాది కదే."

"మళ్ళీ రికార్డు సేసి పంపుతాం."

"మళ్ళీ అంటాది. మొదటిపాలి అంటాదేటే?"

అక్క గోడవైపు తిరిగి నిలబడింది. చివరికి ఆయనే అన్నాడు. "సరేలే. ఇరిసెస్తాను. నువ్వు బయ్యపడకు."

మర్నాడు ఉదయం బొబ్బిలిలో ఒక యంత్రం లెన్సు తుడుస్తుండగా మా ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. గుర్తు చదివారు. థియేటరు తెలిసింది, తేదీ తెలిసింది, ఆట తెలిసింది. "ఆ రోజు గదిలో ఆపరేటరు ఒక్కడే ఉన్నాడు. రిజిస్టరులో అతని సంతకమే ఉంది. మర్నాడు కేబులు మార్చింది నువ్వే కదా, విచారణకు నువ్వు కూడా రావాలి, సాంకేతిక వివరాలు చెప్పడానికి."

లెన్సు గుడ్డ నా చేతిలోనే ఉండిపోయింది. సరిగ్గా అప్పుడు ఆ యాభై సెకండ్లు గుర్తొచ్చాయి.

పాలిటెక్నిక్‌లో మా ల్యాబ్ మాస్టారు నేర్పిన పద్ధతి ఒకటుంది. ఏ కొలత రికార్డు చేసినా ముందుగా తేదీ, చోటు, యంత్రం సీరియల్ నంబరు, ఉద్దేశం, చేస్తున్నవారి పేరు పైకి చదవాలి. చదవని రికార్డు రికార్డే కాదు అనేవారు. ఆ రోజు కూడా చదివాను. ఆ సినిమాను బయట పెట్టినవాడు ఎవడో నా గొంతు అనవసరమని కోసేశాడు. అసలు కార్డులో మాత్రం అది ఉంది. ఆపరేటరు దొంగ కాదని చెప్పగల వస్తువుల్లో నాకు జాడ తెలిసినది అదొక్కటే. దాన్ని విరిచెయ్యమని చెప్పింది నేను. వెంటనే బావకు ఫోన్ చేశాను. పలకలేదు. బోటు వెళ్ళిపోయింది.

ఆపరేటరును నేను మావా అని పిలుస్తాను. రీళ్ళ కాలం నుంచీ ఆ గదిలోనే ఉన్న మనిషి. పొందూరు ఖద్దరు చొక్కా తప్ప మరొకటి వేసుకోడు. నన్ను ఇంజినీరమ్మా అని వెక్కిరిస్తాడు.

విచారణ రోజున సినిమా పంపిణీదారుల తరఫున వచ్చిన అధికారి థియేటరు మేనేజరు గదిలో కూర్చున్నాడు. నెమ్మదైన మనిషి. ఆ నెమ్మదే నన్ను ఎక్కువ భయపెట్టింది. రిజిస్టరు తెరిచి ఉంది. ఆపరేటరు గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. అధికారి ఆయనను మొదటి ప్రశ్న అడగబోతుండగా నేను మాట్లాడాను. నా గొంతు నాకే పరాయిదిగా వినిపించింది.

"రికార్డు చేసింది నేనండీ. లోపం వెతకడానికి."

అధికారి నావైపు తిరిగేలోగా ఆపరేటరు అందుకున్నాడు.

"ఆ పిల్ల మాట నమ్మకండి బాబూ. ఆ రోజు రానేదు. రిజిస్టరు సూడండి."

అధికారి పుట తిప్పాడు. చూశాడు. "మీ సంతకం లేదు కదమ్మా. రికార్డు చేశారంటున్నారు, ఆ కార్డు ఏదీ?"

గుజరాత్ సముద్రంలో ఉంది అని చెబితే బావ పేరు చెప్పాలి. సినిమాను బోగీ నిండా పంచినవాడు ఆయన. పైగా కార్డు విరిగిపోయి ఉంటే ఆయన పేరూ వృథాగా పోతుంది. నా నోట వచ్చింది ఒకే మాట.

"పోయిందండీ."

అధికారి పెన్ను మూత పెట్టాడు. "పెద్దవాళ్ళ మీద అభిమానం మంచిదేనమ్మా. కానీ ఇది వేరే విషయం."

నేను రెండోసారి చెప్పలేదు. ఇన్ని మాటలూ రాస్తున్నది ఆ ఒక్క వాక్యం రాయడానికేనేమో. చెప్పవలసింది ఒకసారి చెప్పాను, వాళ్ళు నమ్మలేదు అనే ఒక సన్నని నీడ దొరికింది. భయంతో ఉన్న మనిషికి అంత నీడ చాలు, అందులో దాక్కున్నాను.

బయట మెట్ల మీద ఆపరేటరు నన్ను పట్టుకున్నాడు.

"ఏటే, నోరు పారేసుకుంటన్నావు? నీకు తిక్కేటి?"

"నువ్వెందుకు అబద్ధం సెప్పినావు మావా?"

"నాను రేపో మాపో ఇంటికెల్లిపోయేవోణ్ణి. ఈ థియేటరు కూడా ఎన్నాళ్ళో ఆడదు. నువ్వింకా ముప్పై ఏళ్ళు ఈ మిషన్లతో బతకాల. నీ పేరు కాయితం మీదెక్కితే నిన్నెవుడు గదిలోకి రానిస్తాడు?" కొంచెం ఆగి, నవ్వబోయాడు. "ముసలోణ్ణి కదా, కొట్టరులే."

ఆయన పెదవి కింద కండరం అదురుతోంది. నవ్వు దాన్ని దాచలేకపోయింది.

ఆయనను పనిలోంచి ఆపేశారు. నెలలోగా పూర్తి నివేదిక పోలీసులకు చేరుతుందనీ, అప్పుడు కేసు కడతారనీ, అంతవరకు రోజూ ఉదయం స్టేషనుకు వచ్చి సంతకం పెట్టి వెళ్ళాలనీ చెప్పారు. ఆ స్టేషను నేను బస్సెక్కే చోటుకు ఎదురుగానే ఉంది. ఇస్త్రీ చేసిన ఖద్దరు చొక్కా వేసుకుని, మెట్ల కింద చెప్పులు విడిచి, ఆయన లోపలికి వెళ్ళడం చూసేదాన్ని. నేను కనిపిస్తే చెయ్యి ఊపేవాడు. నేనూ ఊపేదాన్ని. తరువాత బస్సెక్కి, కూర్చుని, పనిముట్ల సంచీ పక్క జేబు తెరిచి చూసేదాన్ని. అందులో ఏమీ ఉండదని తెలిసీ చూసేదాన్ని.

బోటు కదిలినప్పటి నుంచి ఇరవై రెండు రోజులు గడిచాయి. పనిలో తప్పులు చెయ్యడం మొదలైంది. బిగించిన స్క్రూనే మళ్ళీ మళ్ళీ బిగించేదాన్ని. ఆట మధ్యలో హాల్లో ఎవరి ఫోనైనా వెలిగితే, ఆ వెలుగు నా ముఖం మీదికే తిరిగినట్టు ఉలిక్కిపడేదాన్ని. ఖాకీ చొక్కా కనిపిస్తే, అది కండక్టరుదైనా సరే, పక్కకు తప్పుకునేదాన్ని. అక్క ఒకనాడు శ్రీకూర్మం వెళ్ళి మొక్కుకుని వచ్చింది. ఏమని మొక్కావని అడిగితే, "ఏది నీకు మంచిదో అదే సెయ్యమన్నాను. నాకేటి తెలుసు?" అంది. నాకూ తెలియలేదు. కార్డు విరిగి ఉండాలని కోరుకున్న గంటలున్నాయి, విరగకుండా ఉండాలని కోరుకున్న గంటలున్నాయి. వాటిలో ఏవి ఎక్కువో లెక్క వేసే ధైర్యం లేక, నా జీవితంలో మొదటిసారి ఒక కొలతను వదిలిపెట్టాను.

ఇరవై మూడో రోజు మధ్యాహ్నం, అక్క ఇంట్లో అన్నం తింటుండగా బావ ఫోన్ చేశాడు. అక్క స్పీకరు ఆన్ చేసింది.

"మరదలా, నీకొక మాట సెప్పాల. తిట్టకు."

"సెప్పు బావా."

"ఇరిసెస్తానన్నాను గాని, ఇరసనేదే. రెండుపాల్లు సేతిలోకి తీసినాను. ఆ పిల్ల గొంతు అందులో ఉన్నాదని తెలిసి ఎలా ఇరుస్తామే? డబ్బాలోనే ఉన్నాది. ఇప్పుడు సెప్పు. ఇరిసెయ్యమంటావా, పంపమంటావా?"

నేను మొత్తం చెప్పాను. ఆపరేటరు గురించి, రిజిస్టరు గురించి, కార్డు మొదట్లోని యాభై సెకండ్ల గురించి. ఆ కార్డు వస్తే నా పేరు బయటపడుతుందనీ, ఆ పేరు వెనుకే ఆయన పేరు కూడా రావచ్చనీ చెప్పాను.

"నన్నడిగితే నాను సెప్తాను. మనోళ్ళడిగినారు, ఇచ్చినాను అని. అబద్ధమేటున్నాది అందులో? నా సంగతి వదిలెయ్యే. నీ సంగతి సెప్పు."

అక్క నావైపు చూడలేదు. పాపకు తినిపిస్తున్న ముద్ద చేతిలోనే పట్టుకుని కూర్చుంది. నా అన్నం మీద వాలిన ఈగను తోలుకోలేకపోయాను.

"పంపు బావా."

జబ్బు చేసి తిరిగి వస్తున్న మా వీధి మనిషి ఒకాయన చేత, అదే కుంకుమ డబ్బాలో, అవే గుళికల పొట్లాల మధ్య కార్డు వచ్చింది. రైలు దిగి సరాసరి నా చేతికిచ్చి, "నీ సినిమా బాగున్నాదమ్మా," అన్నాడు.

నేను అధికారికి ఫోన్ చేశాను. ఆయన ఆపరేటరును కూడా స్టేషనుకు రమ్మన్నాడు. ఎస్సై గదిలో బల్ల మీద ల్యాప్‌టాప్‌లో కార్డు పెట్టారు. మొదట నల్లని తెర. తరువాత నా గొంతు. తేదీ. మొదటి ఆట. ఒకటో తెర. సీరియల్ నంబరు, ఒక్కొక్క అంకె విడివిడిగా. ఉద్దేశం: రెండో సగంలోని లోపాన్ని గుర్తించడం. నా పేరు. ఎంత నిబ్బరంగా ఉందో ఆ గొంతు. దానికి రాబోయేదేమీ తెలియదు. పేరు పూర్తవుతూనే, పక్కనుంచి మరో గొంతు వినిపించింది. "సదవడం అయిపోనాదేటే ఇంజినీరమ్మా? టీ తాగుతావా, నేదా?"

అధికారి తల తిప్పి ఆపరేటరును చూశాడు.

"ఆ రోజు ఈ అమ్మాయి రాలేదన్నారు?"

ఆపరేటరు తన గొంతు తనకే అడ్డు తగలడం చూసి, ముఖం చిన్నబుచ్చుకుని, "టీ అడిగితే కూడా తప్పేనేటి బాబూ," అన్నాడు. ఎస్సై పెదవి బిగించి నవ్వాపుకున్నాడు. కార్డు ఎవరెవరి చేతులు మారిందో నేను చెప్పాను. బావ పేరు చెప్పేటప్పుడు కళ్ళు మూసుకున్నాను.

ఆపరేటరు మీది నివేదిక ఆగిపోయింది. కేసు నా మీద నడుస్తోంది, ఇంకా తేలలేదు. ఉద్యోగం అదే వారం పోయింది. వాయిదా ఉన్న రోజు ఉదయం ఇప్పటికీ అన్నం సహించదు. బావకు పిలుపు వచ్చింది. వచ్చి, నాతో అన్న మాటే వాళ్ళ ముందూ అన్నాడట. కాని నాకు బాగా గుర్తుండిపోయింది ఆ రోజు ఆ గదిలో చివరి పది నిమిషాలు.

వాంగ్మూలం నా చేతే రాయించారు. కాగితం మీద తేదీ వేశాను, ఆట రాశాను, అన్నీ రాశాను. పైకి చదివి వినిపించమన్నారు. మొదలుపెట్టాను. తేదీ, మొదటి ఆట, ఒకటో తెర. సీరియల్ నంబరు దగ్గరికి వచ్చాను. రెండు అంకెలు చదివి ఆగిపోయాను. అంకెలు కనిపిస్తున్నాయి, నోరు తెరిస్తే శబ్దం రావడం లేదు. ఎస్సై ఎదురు చూస్తున్నాడు.

గోడ దగ్గర బెంచీ మీద కూర్చున్న ఆపరేటరు చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, బళ్ళో ఎక్కం అప్పజెప్పేవాడిలా, మిగిలిన అంకెలు ఒక్కొక్కటే అందించాడు. అన్నేళ్ళు ఆ యంత్రం పక్కన కూర్చున్న మనిషికి ఆ నంబరు కంఠతా వచ్చు. ఆయన అందించిన అంకెనల్లా పట్టుకుని, నేను నా పేరు దాకా వెళ్ళాను.